ముద్దనూరు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

“అన్నా! మావోడు ఎనిమిదిలోనే ఇంగ్లీసు లిటరేచరు సదువుతాండాడు. ఎస్సే అయితే బుక్కు సూడకుండా రాచ్చాడు!”

అవతారిక

జమ్మలమడుగు బస్సు కోసం ఒకరు, పులివెందుల బస్సు కోసం ఒకరు నిలబడే ముద్దనూరులో, టీ అంగడి ముందు పుట్టిన వాక్యమిది. వక్త నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తండ్రి. శ్రోత పక్కనే టీ తాగుతున్న మరొక తండ్రి. ఆ రెండో తండ్రికి ఆ రాత్రి నిద్ర పట్టకుండా చేయడమే ప్రయోజనం. ఛందస్సు లేదు. రసం పైకి వీరం, ఫీజు కట్టే నెలలో భయానకం.

ప్రతిపదార్థం

అన్నా = వయసులో చిన్నవాడివైనా, బస్సు వచ్చేదాకా నా మాట వినక తప్పనివాడా;

మావోడు = నా కొడుకు (మార్కులు వచ్చినప్పుడే ఈ ప్రయోగం సాధువు; తప్పినప్పుడు భార్యను చూసి “నీ కొడుకు” అనాలని వ్యవహారం);

ఎనిమిదిలోనే = పదమూడేళ్లకే (ఇందులోని ఏకారం వల్ల, తనకు ఆ వయసులో ఏబీసీడీలే సరిగా రాలేదని ధ్వని);

ఇంగ్లీసు లిటరేచరు = కీట్సు, టాగూరు మొదలైనవారు రాసినదీ, ప్రొద్దుటూరులో కొన్న గైడు దాని కింద రాసినదీ కలిసి;

సదువుతాండాడు = తెల్లవారుజామున గట్టిగా, ఇల్లంతా వినబడేలా, అర్థం జోలికి పోకుండా వల్లెవేస్తున్నాడు;

ఎస్సే = మూడు పేరాలు గలది, మొదటి పేరాలో విషయం చాలా ముఖ్యమైనదని చెప్పేది;

బుక్కు సూడకుండా = పుస్తకాన్నీ చూడకుండా, కిటికీ బయటికీ చూడకుండా;

రాచ్చాడు = ఎక్కిందంతా దించుతాడు.

పాఠాంతరాలు

పులివెందుల ప్రతిలో “ఏడులోనే” అని ఉంది. పరీక్ష తొందర ఉన్నచోట తరగతి తగ్గుతుంది కాబట్టి అదీ గ్రాహ్యమే. జమ్మలమడుగు ప్రతిలో “లిటరేచరు”కు బదులు “టోఫెలు” అని కనబడుతుంది. ప్రభుత్వ బడుల్లో 2023-24లో టోఫెల్ పెట్టినప్పటి పాఠం అది. విదేశాలకు పోయే పెద్దపిల్లలు రాసే పరీక్ష పేరు హైస్కూలు పిల్లల నోట పడిన ఏడాది. ప్రొద్దుటూరు ప్రతిలో మాత్రం “మూడువేలు పెట్టి ట్యూషను పెట్టించినా” అని అదనం. బంగారం అంగళ్ల ఊరు కాబట్టి దేన్నైనా ధరతో సహా చెప్పడం అక్కడి సంప్రదాయం.

పూర్వపక్షం

కొందరంటారు: ఎనిమిదో తరగతి పిల్లవాడికి కీట్సు ఎందుకు? సెలవుచీటీ రాయడం వస్తే చాలదా? ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీద వస్తుంది గానీ కవిత్వం మీద రాదు కదా?

సిద్ధాంతం

చాలదు. ఈ సీమలోనే దానికి దృష్టాంతముంది. 1914లో పుట్టిన పుట్టపర్తి నారాయణాచార్యులు పెనుకొండలో చిన్నతనంలోనే ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నారు. చెప్పింది అప్పటి సబ్‌కలెక్టరు పిట్టు దొర భార్య. ఆ కుర్రవాడు అదే ఈడులో ‘పెనుగొండలక్ష్మి’ కావ్యం రాశాడు. అది తర్వాత ఆయన రాయబోయే విద్వాన్ పరీక్షకే పాఠ్యపుస్తకమై ఎదురొచ్చిందని చెప్పుకుంటారు. ప్రొద్దుటూరులో తెలుగు పంతులుగా ఉంటూ ‘శివతాండవం’ రాసిన చెయ్యే ‘లీవ్స్ ఇన్ ది విండ్’ అనే ఇంగ్లీషు పద్యాల సంపుటీ రాసింది. కాబట్టి చిన్న వయసుకు పెద్ద సాహిత్యం అజీర్తి చేస్తుందన్న వాదం నిలవదు. అయితే ఆయనకు దొరికింది ఎదురుగా కూర్చుని చెప్పే మనిషి. మన కుర్రవాడికి దొరికింది వెనక పేజీలో ఉన్న జవాబు.

ఆక్షేపం

“గైడు కూడా ఒక టీకే కదా? టీక రాస్తూ టీకను ఎలా తిడతావు?” అని ఎవరైనా అడగవచ్చు.

సమాధానం

టీకకు ఈ జిల్లాలో ఉన్నంత గౌరవం మరెక్కడా లేదు. 1820లో కడపకు ఉద్యోగానికొచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు కావ్యాలు అర్థంగాక, తన బంగళాలోనే పండితులను పెట్టుకుని, జీతాలు చేతినుంచి ఇచ్చి, ప్రతులు పరిష్కరింపజేశాడు. జూలూరి అప్పయ్య వంటివారిచేత మనుచరిత్రకు, వసుచరిత్రకు టీకలు రాయించాడు. ఇంగ్లీషు దొరకు తెలుగు కావ్యం ఎక్కడానికి టీక నిచ్చెన అయింది. దాన్ని పట్టుకుని ఆయన మూలం దగ్గరికి ఎక్కాడు. 1852 నాటి నిఘంటువు దాకా పోయాడు. మన తెలుగు పిల్లవాడు ఇంగ్లీషు కావ్యం కింద అదే నిచ్చెన వేసుకుని, దానిమీదే కూర్చున్నాడు. దోషం టీకది కాదు, ఎక్కనివాడిది. వాణ్ణి ఎక్కమని అడగనివాళ్లది.

ఇంకొక సూక్ష్మం. 2020-21 నుంచి రాష్ట్రంలో లెక్కలు, సైన్సు పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వచ్చాయి. ఇంగ్లీషు రీడరుకు ఆ ఎదురు పేజీ లేదు. ఆ ఖాళీలోకి గైడు వచ్చి కూర్చుంది.

విశేషాంశం

ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి ‘హనీడ్యూ’ రీడరులో మిడత మీద, కీచురాయి (ఇంగ్లీషులో ‘క్రికెట్’) మీద కీట్సు రాసిన సానెట్ చాలా ఏళ్లు పాఠంగా ఉంది. 1816 డిసెంబరు 30న, లీ హంట్ అనే మిత్రుడితో పోటీపడి పావుగంటలో రాసిన పద్నాలుగు పాదాలు. వేసవిలో పిట్టలు నోరు మూసుకున్నా మిడత మూసుకోదు, చలిరాత్రి ఆ పనిని పొయ్యి దగ్గరి కీచురాయి అందుకుంటుంది, నేల పాటకు సెలవు లేదు అని భావం. “క్రికెట్ మీద పాఠమంట” అని మన తండ్రి సంతోషించడం ప్రకృతానికి అనవసరం.

కీట్సు చెప్పిన ఎండ మన ముందు ఏపాటిది? ఏప్రిల్ మధ్యాహ్నం నాపరాయి పరిచిన వాకిట్లో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసిన పిల్లకు, పిట్ట ఎందుకు పలకదో గైడు చెప్పక్కర్లేదు. అయినా “కవితలోని ముఖ్యభావమేమి?” అంటే తరగతి మొత్తం కామాలతో సహా ఒకటే జవాబు. ఒక పంతులమ్మ మాత్రం గైడ్లు సంచిలో పెట్టించి, “మీ ఇంట్లో కీచురాయి ఎక్కడుంది? రాయండి” అన్నది. ఒక పిల్ల ఇంగ్లీషులో ఇలా రాసింది: “క్రికెట్ ఈజ్ ఇన్ అవర్ బండలు. గ్రాండ్‌మదర్ షౌట్, ఇట్ స్టాప్ వన్ మినిట్. దెన్ ఎగైన్ స్టార్ట్.” ఎర్రసిరా పడాల్సినచోట్ల పడింది. కానీ కీచురాయి అవ్వకు కూడా లొంగదనే ముఖ్యభావం అందులో పూర్తిగా ఉంది. గైడులో అవ్వ లేదు.

అలంకారం

తండ్రి మాటలో అతిశయోక్తి. పిల్ల మాటలో స్వభావోక్తి. ట్యూషను బోర్డులో ఉత్ప్రేక్ష.

తాత్పర్యం

ఓ సోదరా, నా కుమారుడు పదమూడేళ్లకే పరభాషా కావ్యాలు వల్లిస్తున్నాడు, వ్యాసాలు కంఠతా దించుతున్నాడు, నా బతుకు రాతిపొడిలో పోయినా వాడి బతుకు పోకూడదు అని వక్త భావం. చివరి మాట ఆయన పైకి అనలేదు. కాబట్టి ఈ గొప్పను చూసి నవ్వేవాడు అరసికుడు. తొందర దోషం కాదు, ఆశ దోషం కాదు, కీట్సు అసలే కాదు. “బుక్కు సూడకుండా” అన్న విశేషణమే సవరించదగింది. పుస్తకం చూడాలి. తర్వాత మూయాలి. మూసినాక చుట్టూ ఉన్నది చూసి రాయాలి. తప్పులు వస్తాయి. దిద్దేవాళ్లుండాలి.

ఫలశ్రుతి

ఈ టీకను విన్న తండ్రి ఇంటికి పోయి “ఎన్ని మార్కులొచ్చినాయిరా?” అనేముందు “యాడ రాసినావు, సూపీ బ్బీ” అని నోటు అడుగునుగాక. తనకు ఇంగ్లీషు రాకపోయినా “దీని అర్థమేందిరా?” అని తెలుగులో చెప్పించుకొనునుగాక. పిల్లవాడు చెప్పగలిగితే లిటరేచరు వచ్చినట్టు. నీళ్లు నమిలితే గైడు వచ్చినట్టు. ఈ పరీక్షకు ఫీజు లేదు.