తాతయ్య పట్టిన సాన

ఈ వ్యాసం తెలుగులో రాయడానికి కారణం భాషాభిమానం కాదు. మా మనవరాలికి తెలుగు చదవడం రాదు. అదీ అసలు సంగతి.

పోయిన చలికాలంలో నేనొక నేరం చేశాను. మా ఆవిడకి తెలియదు. అమ్మాయికి తెలియదు. అల్లుడుగారికి అసలే తెలియదు, పైగా నేను చేసినదానికి ఆయన వేరేవాణ్ణి నిలదీసి వచ్చారు. అప్పట్నుంచి నాకు తిన్నది అరగడం లేదు. గ్యాసు మాత్రలు మార్చి చూశాను. లాభం లేకపోయింది. అందుకని మీ ముందు కక్కేస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను భీమవరంలో ముప్పై మూడేళ్ళు ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాను. ఈ మాట పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, డాక్టరుగారి వరండాలో చాలాసార్లు వాడాను. అన్నాక ఒక్క క్షణం ఆగుతాను. ఎదుటివాడు నన్ను అమ్మోనియా కంప్రెసరు పక్కనా, ఉప్పునీళ్ళ తొట్టిలోంచి దిమ్మలు పైకి లేపుతూనూ ఊహించుకోవాలి కదా, దానికి పట్టే సమయం. నిజానికి నేను గుమాస్తాని. ఫ్యాను కింద కూర్చుని రోజుకెన్ని దిమ్మలు గేటు దాటాయో పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. ఐసుని చేత్తో ముట్టుకున్నది మజ్జిగలోకి తప్ప లేదు.

అయినా ఐసంటే ఏమిటో నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. తొంభైల మొదట్లో టైగర్ రొయ్య రేటు చెట్టెక్కి కూర్చున్న రోజుల్లో రాత్రి రెండింటికి కూడా మా గేటు ముందు బళ్ళు బారులు తీరేవి. దిమ్మని క్రషర్లో వేసి పొడి కొట్టడం, ట్రేలో ఒక వరస రొయ్య, ఒక వరస ఐసు పరవడం. చచ్చినదాన్ని కుళ్ళకుండా ఉంచేది ఐసు. అంతవరకే నాకు తెలిసిన ప్రయోజనం. దాని మీద బతికున్న పిల్లని నిలబెట్టి, ఎదురుగా రబ్బరు బిళ్ళలతో కొడతారని నా ముప్పై మూడేళ్ళ పుస్తకాల్లో ఎక్కడా లేదు.

మా అమ్మాయి వాళ్ళు ఉండేది కెనడాలో, టొరంటో పక్కన మిస్సిసాగాలో. రెండేళ్ళ కిందట మనవరాలు వీడియోలో కేక పెట్టింది: "తాతయ్యా, నేను గోలీ అయ్యాను!"

"నేనూ చిన్నప్పుడు గోలీలు బాగా ఆడేవాణ్ణమ్మా" అన్నాను సంబరంగా.

వంటింట్లోంచి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. "గోలీయా? మింగేసిందా?"

ఐసు హాకీలో గోలు కాపలా కాసేవాళ్ళని గోలీ అంటారని మా ఇద్దరికీ అర్థమయ్యేసరికి అక్కడ పిల్లకి నిద్ర టైమైంది. మొదట సరదాగా వారానికోసారి ఆడే హౌస్ లీగులో ఉండేదట. తర్వాత ఎంపిక పోటీల్లో నెగ్గి, వేరే ఊళ్ళ జట్లతో పోటీపడే రెప్ జట్టులో చేరింది. పదేళ్ళ పిల్ల. పదకొండేళ్ళ లోపు ఆడపిల్లల జట్టు.

మేం నవంబరులో వెళ్ళాం. దిగిన మూడోరోజే పొద్దున్న అయిదింటికి నన్ను లేపి, ఉన్న బట్టలన్నీ తొడిగి, రింకుకి తీసుకుపోయారు. లోపలికి అడుగు పెట్టగానే నాలో గుమాస్తా నిద్రలేచాడు. పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. అంటే 39 సెంట్లు! మా వైపు మంచి ఇంటి స్థలం, కొబ్బరి చెట్లతో సహా. దాని మొత్తం మీద ఐసు పరిచేశారు. అంగుళం మందం వేసుకున్నా 35 టన్నులు. మా ఫ్యాక్టరీ దిమ్మ 130 కిలోలు, ఆ లెక్కన 270 దిమ్మలు. పైగా ఊక చల్లలేదు, గోనె కప్పలేదు. ఎంత కరిగిపోతోందో అని ప్రాణం ఉసూరుమంది.

కరగదని అల్లుడుగారు చెప్పారు. కింద సిమెంటు గచ్చులో గొట్టాలుంటాయట. చాలా రింకుల్లో అమ్మోనియాతో చల్లబరిచిన ఉప్పునీళ్ళు వాటిల్లో తిరుగుతూనే ఉంటాయట. అమ్మోనియా! ఉప్పునీళ్ళు! "మాదీ అదే పద్ధతండీ" అన్నాను. అప్పట్నుంచి ఆ రింకు కాస్త నాదే అన్నట్టు తిరగడం మొదలుపెట్టాను.

అంతలో ట్రాక్టరుకి పెద్దన్నలాంటి బండి ఒకటి లోపలికొచ్చి, గీతలు పడ్డ ఐసుని గీకి, కడిగి, వేడినీళ్ళతో అలికి, అద్దంలా చేసి వెళ్ళిపోయింది. దాని పేరు జాంబోనీ. ఎవరీ జాంబోనీ అని వాకబు చేస్తే నా ఛాతీ ఇంకో రెండంగుళాలు పెరిగింది. ఫ్రాంక్ జాంబోనీ అనే ఆయన కాలిఫోర్నియాలో తమ్ముడితో కలిసి ఐసు దిమ్మల ఫ్యాక్టరీ నడిపేవాడు. ఇళ్ళల్లోకి ఫ్రిజ్‌లు రావడంతో దిమ్మలు కొనేవాడు కరువయ్యాడు. అప్పుడు 1940లో స్కేటింగ్ రింకు తెరిచాడు. దాన్ని నున్నగా చేయాలంటే ముగ్గురు నలుగురు మనుషులకి గంట పైన పట్టేది. చూసి చూసి 1949కి ఈ బండి తయారుచేశాడు. నిమిషాల్లో పని సాఫీ. మా ఫ్యాక్టరీ కూడా ఒకప్పుడు దిమ్మలు అమ్ముడుపోక గోళ్ళు గిల్లుకుంది. మావాళ్ళు ఏం కనిపెట్టారు? నా జీతంలో కోత కనిపెట్టారు.

ఇంత చుట్టరికం కలిశాక నాకు ఐసు మీదే కాదు, దాని మీద జరిగే ప్రతి పని మీదా అధికారం వచ్చేసింది. మొదటి దెబ్బ అక్కడే తగిలింది.

ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేని సమయంలో ఫ్రీజరు తెరిచాను. నల్లటి గుండ్రటి బిళ్ళ, మూడంగుళాల అడ్డం, అంగుళం మందం. తాటిబెల్లం! నాకు షుగరుందని అమ్మాయి ప్రత్యేకంగా తెప్పించిందని కళ్ళు చెమర్చాయి. కాఫీలోకి ముక్క కొడదామని అప్పడాల కర్రతో ఒక్కటేశాను. బిళ్ళ ఎగిరి కుళాయికి తగిలి, నేల మీద దొర్లి, స్టవ్ కిందకి దూరింది. కర్ర చీలింది. సాయంత్రం పిల్ల వచ్చి, "నా పక్ ఏది తాతయ్యా?" అంది. పక్ అంటే ఆటలో కొట్టే ఆ రబ్బరు బిళ్ళ. మంచి మ్యాచుల్లో పక్‌ని ముందే గడ్డకట్టిస్తారట, లేకపోతే రబ్బరు కదా, బంతిలా గెంతుతుందట. ఇంట్లో అదీ ప్రయోగం చేస్తోంది. నేను స్టవ్ వైపు చూడకుండా "నేను చూడలేదమ్మా" అన్నాను. పెద్ద అబద్ధానికి అది రిహార్సల్.

మా ఆవిడకి మొదట్నుంచీ ఈ ఆట నచ్చలేదు. "ఆడపిల్లకి ఇదేం ఆటే? మూతి పళ్ళు రాలితే?" అంది ఒకరోజు. మా అమ్మాయి నెమ్మదిగా ఓ కథ చెప్పింది. టొరంటోలోనే, 1955–56లో, ఆబీ హాఫ్‌మన్ అనే ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్ల పొట్టి జుట్టుతో మగపిల్లల లీగులో చేరి సీజనంతా ఆడింది. ఎవరూ పోల్చుకోలేదు. బాగా ఆడుతోందని ఆల్‌స్టార్ జట్టుకి ఎంపిక చేసి పుట్టిన తేదీ కాగితం అడిగితే, అందులో ఆడపిల్ల అని ఉంది! ఆ పిల్లే తర్వాత పరుగు పందేల్లోకి వెళ్ళి నాలుగు ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. ఇక 1992లో మనోన్ రెయోమ్ అనే అమ్మాయి మగవాళ్ళ పెద్ద లీగైన ఎన్‌హెచ్‌ఎల్ జట్టు తరఫున సన్నాహక మ్యాచిలో ఆడింది. "ఆవిడా గోలీయే అమ్మా." మా ఆవిడ అంతా విని, "అయితే మూతికి ఏదైనా కడతారా, లేదా?" అని మాత్రం అడిగింది. కడతారు. ముఖానికి ఇనప జాలీ, కాళ్ళకి దిండ్లు, ఒక చేతికి పలక, ఇంకో చేతికి చేట లాంటి గ్లవ్. అన్నీ తొడిగితే మా చంటిది సంక్రాంతికి కోడిపందేల బరి పక్కన పేర్చిన పరుపుల కట్టలా ఉంటుంది.

అవన్నీ ఒక సంచీలో పడతాయి. ఆ సంచీలో పిల్ల కూడా పడుతుంది. దాని వాసన గురించి కెనడావాళ్ళు జోకులు వేసుకుంటారు. గ్యారేజీలో జిప్పు తీసినప్పుడల్లా అందరూ ముక్కు మూసుకుంటే నేనొక్కణ్ణే గుండెల నిండా పీల్చేవాణ్ణి. అచ్చం నరసాపురం ఎండుచేపల వాసన. రెండు నెలల బెంగ తీరిపోయేది.

ఇక నేరానికి వద్దాం.

గోలీ అంటే బిళ్ళకి అడ్డంపడడమే అనుకున్నాను. ఒక రాత్రి పిల్ల గదిలో దీపం ఆర్పి, ఫోను టార్చి నా చేతికిచ్చి, గోడకీ టార్చికీ మధ్య అరచెయ్యి పెట్టింది. "చూడు తాతయ్యా. గోడ దగ్గరుంటే చెయ్యి నీడ చిన్నది. లైటు దగ్గరికొస్తే నీడ పెద్దది. అందుకే నేను ముందుకొస్తాను. షూటర్‌కి నెట్ కనపడదు." నాకు మతిపోయింది. పదేళ్ళకి నాకు ఎక్కాలు కూడా సరిగ్గా రావు. తర్వాత స్కేటు చూపించి, పక్కకి ఎలా జరగాలో, కింద అంచు ఐసుని ఎలా కొరకాలో ఇంకేదో చెప్పింది. అప్పటికి నాకు ఆవలింతలొస్తున్నాయి. "ఊఁ, ఊఁ" అన్నాను. ఆ రెండు "ఊఁ"లే నా కొంప ముంచాయి.

ఓ శనివారం అల్లుడుగారు స్కేట్లకి సాన పట్టించి తెచ్చారు. ఎనిమిది డాలర్లట. మన డబ్బుల్లో అయిదొందలు! మా వీధిలో సైకిలు మీద సాన పట్టేవాడు రెండు కత్తిపీటలూ, ఒక కత్తెరా చేసి, మంచినీళ్ళడిగి తాగి, వంద తీసుకుంటాడు. అదీ మా ఆవిడ బేరమాడాక ఎనభై. నాకు మనసొప్పలేదు. రెండు వారాల తర్వాత, మ్యాచి ముందురోజు రాత్రి, మళ్ళీ సాన పట్టించాలేమో అని అల్లుడుగారు అనగా విన్నాను. అందరూ పడుకున్నాక గ్యారేజీలోకి దిగాను.

స్కేటు తిరగేసి చూస్తే బ్లేడు మధ్యలో పొడుగునా సన్నటి గాడి. అరిగిపోయిందన్న మాట! దానికే మళ్ళీ అయిదొందలు! అల్లుడుగారి పెట్టెలో ఆకురాయి దొరికింది. గంటన్నర సేపు రుద్దాను. గాడి పోయింది. వేలు పెడితే పాలరాయిలా నున్నగా తగిలింది. రెండోదీ అంతే. కొబ్బరినూనె కూడా రాశాను, తుప్పు పట్టకుండా.

ఆ గాడే ప్రాణమని నాకు తెలియదు. సాన అంటే ఆ గాడి తియ్యడమే. గాడి ఉంటేనే దానికి అటో అంచు, ఇటో అంచు. ఆ అంచులే ఐసుని కొరికేది.

మర్నాడు మ్యాచి. చంటిది ఒక గోలు స్తంభం నుంచి రెండో స్తంభానికి జరగబోయి కాలు తన్నింది. కాలు పట్టలేదు. తొలకరిలో చేను గట్టు మీద కాలేసినట్టు సర్రున పోయింది. బిళ్ళ వెళ్ళి వలలో పడింది. మా ఆవిడ "అమ్మా మావుళ్ళమ్మ తల్లీ" అంది. రెండో గోలూ అలాగే పడేసరికి ఆ అంచూ, కొరకడం, నా రెండు "ఊఁ"లూ ఒక్కసారి గుర్తొచ్చాయి. పదిడిగ్రీల చలిలో నాకు ముచ్చెమటలు పోశాయి. నాలుగు గోల్సు పడ్డాయి. నాలుగు–ఒకటి. ఓడిపోయారు.

కోచ్ పిల్ల భుజం తట్టి, ఆ బిళ్ళ నీదాకా రాకముందు అయిదుగుర్ని దాటొచ్చిందమ్మా అని ఓదార్చాడట. కారులో ఎవరూ మాట్లాడలేదు. పిల్ల కిటికీలోంచి చూస్తూ అంది: "నాలుగూ నావే తాతయ్యా. నేను ఆపాలి."

కావవి, నావి అనాలి. నోట్లోకి వచ్చింది కూడా. తీరా బయటికొచ్చింది, "ఇంటికెళ్ళాక బజ్జీలు వేయించనా?" అని.

సాయంత్రం అల్లుడుగారు బ్లేడు మీద గోరు గీరి చూసి కేకేశారు. "గాడే లేదు! వాడేం పట్టాడసలు?" తిన్నగా సాన పట్టే షాపుకి తీసుకెళ్ళారు. "మావయ్యగారూ, మీరూ రండి" అన్నారు. వెళ్ళాను. కౌంటరు దగ్గర కుర్రాడు స్కేట్లు అటూ ఇటూ తిప్పి, ఒక బ్లేడు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కొబ్బరినూనె! నా గుండె ఆగింది. పాపం, వాడు ఎదురు చెప్పలేదు. నాలుగుసార్లు సారీ చెప్పి, ఉచితంగా మళ్ళీ పట్టిచ్చాడు. తప్పు చెయ్యనివాడు నాలుగు సారీలు. చేసినవాడు పక్కన నిలబడి చేతి తొడుగుల రేట్లు చదువుతున్నాడు.

వచ్చేటప్పుడు టిప్పుల డబ్బాలో ఎవరూ చూడకుండా అయిదు డాలర్లు వేశాను. మిగుల్చుదామనుకున్నది ఎనిమిది, పోయింది అయిదు, ఇంకా మూడు లాభమే అని లోపల గుమాస్తా పద్దు రాశాడు. వాడిని చంపేయాలనిపించింది.

తర్వాతి మ్యాచిలో పిల్ల ఒక్క గోలు కూడా ఇవ్వలేదు. నేను ఏడ్చాను. తాతయ్య ఎంత పొంగిపోయాడో అనుకున్నారంతా.

ఇప్పుడు భీమవరంలో నేను హాకీ పండితుణ్ణి. పొద్దున నడకలో మిత్రులకి పాఠాలు చెబుతాను. మన దేశపు ఆడపిల్లలు, ఎక్కువమంది లద్దాఖ్ వాళ్ళు, 2025లో ఐసు హాకీ ఆసియా కప్పులో కంచు పతకం తెచ్చారని చెబితే ఆయ్, అలాగాండీ అని ఆశ్చర్యపోతారు. సాన గురించి మాత్రం ఎత్తను.

మొన్న అమ్మాయి ఫోను చేసి, పిల్లని ఆదివారం తెలుగు బడిలో చేర్చామని చెప్పింది. వీడియోలో చంటిది పలక చూపించి, కూడబలుక్కుని చదివింది: "గో... లీ." గుణింతాలు అయిపోయాయట. ఒత్తులు ఇంకా మొదలుపెట్టలేదట. అందుకే ఈ వ్యాసంలో వీలైనచోటల్లా ఒత్తులు దట్టించాను.

సంక్రాంతి వెళ్ళాక ఒత్తులు చెబుతారట టీచరుగారు. నాకు సంక్రాంతి దాకా గడువుంది.