'ఆయన నాకు బాగా తెలుసు' సర్టిఫికెట్ ఇప్పించండి

కడప జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

విషయం: ప్రముఖులతో పరిచయానికి ధ్రువీకరణ పత్రం మంజూరు చేయుట గురించి.

అయ్యా,

కులానికి, ఆదాయానికి, నివాసానికి మీసేవలో కాగితం దొరుకుతోంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల జనానికి వీటన్నిటికంటే అక్కరకొచ్చేది ఒకటుంది: 'ఆయన నాకు బాగా తెలుసు' అనే మాట. దానికే ఇంతవరకు గవర్నమెంటు ముద్ర లేదు. టీ అంగళ్ల దగ్గర రోజూ తగువులే. కాబట్టి కింది తరగతుల ప్రకారం సర్టిఫికెట్లు ఇప్పించ ప్రార్థన.

మొదటిది నాడి వర్గం. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు 1949లో జమ్మలమడుగులో పుట్టి, డాక్టరు చదివి అక్కడి క్యాంప్‌బెల్ ఆసుపత్రిలోనే పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి పేరుతో 70 పడకల ఆసుపత్రి తెరిచి, రూపాయి డాక్టరని పేరు తెచ్చుకున్నారు. 1978లో అసెంబ్లీకి వెళ్లారు, 2004లో ముఖ్యమంత్రి అయ్యారు. ఇప్పుడు మా పక్క అరవై దాటిన ప్రతివాడూ 'నా చెయ్యి పట్టుకోని నాడి చూసినాడబ్బా' అనేవాడే. అందరికీ నిజంగా జ్వరాలొచ్చి ఉంటే ముద్దనూరు దాకా మంచాలు వేసినా చాలేవి కావు. అందుకే 1978కి ముందు సూది వేయించుకున్నవారికే సీనియారిటీ ఇవ్వండి. ఆ తర్వాత వచ్చినవాళ్లు రోగులు కారు, అర్జీదారులు.

రెండోది సినిమా వర్గం. 2023లో 'ఇండియన్ 2' షూటింగుకు కమల్‌హాసన్ గండికోట వచ్చారు. మనిషిని చూసినవాళ్లు కొందరు, కారు అద్దం చూసినవాళ్లు కొందరు, హెలికాప్టర్ చప్పుడు విన్నవాళ్లు మిగతా అందరూ. వీళ్లకు వేర్వేరు రంగుల కార్డులు అవసరం. ఇంకో చిక్కుంది. ఎవరైనా పెద్ద మనిషి ఎదురైతే అడగాలని దాచుకున్న మాటలన్నీ తీరా ఎదురయ్యేసరికి నోట్లోనే ఇంకిపోతాయి. 'బాగుండారా సార్?' ఒక్కటే బయటపడుతుంది. బిడ్డ పెండ్లికి పిలవబోయినవాడు పత్రిక జేబులోనే పెట్టుకుని తిరిగొస్తాడు. ఇలా నోరు పెగలని నిమిషాలను పరిచయం కింద లెక్కించాలో వద్దో తమరే తేల్చాలి.

ఏ తరగతికీ ప్రముఖుడి సంతకం మాత్రం అడగొద్దు. మేమెవరో ఆయనకు తెలీదు. వీధిలో ఇద్దరు సాక్షులు నమ్మితే చాలు. మేం చూసొచ్చేది ఆయన్నే అయినా, ఊరంతా తిరిగి చెప్పుకునేది మా గురించే కదా.

గడువు సంగతి. సినిమా సర్టిఫికెట్ వచ్చే శుక్రవారం మార్నింగ్ షో దాకా చెల్లుతుంది. రాజకీయమూ కలిసిన నాడి వర్గానిది ఐదేళ్లు, కౌంటింగ్ నాటికి దానంతటదే రద్దు. గోడల మీది ఫోటోలు దించుకోవడానికి ఒక వారం వ్యవధి ఇస్తే మేలు.

మూడోది గడువే లేని శాశ్వత వర్గం. కవి పుట్టపర్తి నారాయణాచార్యులు ప్రొద్దుటూరు వీధుల్లో తిరిగిన మనిషి. చిన్ననాడు ఆయన రాసిన 'పెనుగొండ లక్ష్మి' తర్వాత ఆయన కూర్చున్న విద్వాన్ పరీక్షకే పాఠమైంది. పులివెందుల తాలూకా అన్నదమ్ములు బి.ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డి ఇద్దరికీ ఫాల్కే అవార్డు వచ్చింది, 1974కు ఒకరికి, 1986కు ఒకరికి. 'పాతాళభైరవి'లో తోటరాముణ్ని చూసి ఊగిపోయిన ఊళ్లు ఇవి. ఆ సినిమా తీసిన నాగిరెడ్డి మనవాడేనని తెలిసినా ఎవరి కాళ్లూ వణకలేదు. ఆచార్యులవారు ఎదురైతే నాకు మాట పడిపోయిందని గొప్పగా చెప్పుకున్నవాడూ నాకు తగల్లేదు. బదిలీ ఆపించలేని కవిని, ఆసుపత్రిలో మంచం ఇప్పించలేని కవిని చూసి నోరెందుకు ఎండుతుంది?

అందుచేత ఈ మూడో కౌంటరుకు షామియానా, పోలీసు బందోబస్తు అక్కర్లేదు. పూటకొక గుమాస్తా చాలు. ఆయనకు పద్యం చదవడం వస్తే మరీ మంచిది, తీరిక బోలెడుంటుంది.

ఇట్లు,
రెండో తరగతి, హెలికాప్టర్ చప్పుడు కోటా అర్జీదారు