మా జీతం సంగతేంటి?

నారపల్లిలో నిరుద్యోగం లేదు. వరంగల్ హైవేకి అటూ ఇటూ వెలిసిన సూపర్ మార్కెట్లన్నింటిలోనూ మాకు కొలువులే. ఇంటర్వ్యూ లేదు, అర్హత పరీక్ష లేదు, జీతం అసలే లేదు. తలుపు తోసుకుని బుట్ట అందుకున్న క్షణం నుంచి డ్యూటీ మొదలు. కందిపప్పు ఈ వారం ఏ వరుసలోకి బదిలీ అయిందో వెతకడం మా పని. కుళ్లిన టమాటాల్లోంచి బతికున్నవాటిని ఏరడం మా పని. వాటిని కాంటా దగ్గరికి మోసుకెళ్లి స్టిక్కర్ వేయించుకోవడం కూడా మా పనే. మరిచిపోయామా, అరగంట నిలబడి కౌంటర్ దాకా వచ్చాక తీర్పు వినిపిస్తుంది: "స్టిక్కర్ లేదు అంకుల్, మళ్ల పోయి ఏపిచ్చుకు రండ్రి."

ఈ కొలువు కనిపెట్టిన మహానుభావుడు క్లారెన్స్ సాండర్స్ అనే అమెరికా వర్తకుడు. 1916లో మెంఫిస్ నగరంలో పిగ్లీ విగ్లీ పేరుతో కొట్టు తెరిచి, అంతవరకు గుమాస్తాలు చేసే చాకిరీని కొనేవాళ్ల చేతికి అప్పగించాడు. గుమాస్తాల జీతం మిగిలింది కాబట్టి సరుకు చవగ్గా ఇచ్చాడు. పనీ నీదే, తగ్గింపూ నీకే. న్యాయమైన బేరం. అందులో మొదటి సగం నారపల్లి దాకా క్షేమంగా వచ్చింది. రెండో సగం ఉప్పల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. 2018లో శంకుస్థాపన జరిగిన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పూర్తయ్యాక దాని మీదుగా వస్తుందేమో.

ఇక కౌంటర్ దగ్గర నడిచే విచారణ. సరుకు చూడకముందే మొదటి ప్రశ్న.

"నంబర్ చెప్పండి."

"ఎందుకమ్మా?"

"పాయింట్స్ వస్తయ్ అంకుల్."

"నాకొద్దు."

"నంబర్ కొట్టకుంటే సిస్టమ్ ముంగటికి పోదు అంకుల్."

ఫోన్ నంబర్ ఇవ్వాల్సిందేనని కొనేవాళ్లను బలవంతపెట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే దుకాణాలకు సూచించింది. ఢిల్లీ మాట ఆ సిస్టమ్ చెవిన ఇంకా పడలేదు. లైన్లో వెనకున్నవాళ్లు గొణగడం మొదలుపెడతారు. చేసేది లేక పది అంకెలూ ఊరందరికీ వినపడేలా ఒప్పజెబుతాం. సాయంత్రానికల్లా ఫోన్ మోగుతుంది: "ఘట్‌కేసర్ దగ్గర ఓపెన్ ప్లాట్లున్నయ్ సార్, ఈ ఆదివారం సైట్ విజిట్." ఆ రెండింటికీ సంబంధం ఉందని నేననను. ఒకదాని వెనక ఒకటి జరిగాయంటున్నాను, అంతే.

ఆ పాయింట్లైనా అక్కరకొస్తాయా? ఏడాదంతా కూడబెట్టినా అగ్గిపెట్టెకు చాలవు. చాలే రోజు వచ్చేసరికి గడువు తీరిపోతాయి. ఆ కొట్టు మొత్తంలో గడువు తేదీని అంత నిక్కచ్చిగా పాటించే సరుకు అదొక్కటే. ఒకటి కొంటే ఒకటి ఉచితమని రిబ్బన్ చుట్టిన బ్రెడ్డుకు ఆ పట్టింపు లేదు.

ధరల సంగతి చూద్దాం. ర్యాక్ మీద ఒక రేటు, బిల్లులో ఇంకో రేటు. నిలదీస్తే "ఆఫర్ నిన్నటితోనే అయిపోయింది, బోర్డు తియ్యలే" అంటారు. బార్‌కోడ్ యంత్రం నిన్నమొన్నటిది కాదు. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో బోణీ చేసింది. యాభై ఏళ్లు దాటిన అనుభవం! యంత్రమన్నాక పొరపాట్లు సహజమే, ఒప్పుకుంటాను. కానీ మా కొట్టులో ఒక్కసారైనా మాకు లాభం వచ్చేలా పొరపడి చూపించమనండి. పొరపాటుకు కూడా ఇంత పక్షపాతమా?

బియ్యం దగ్గర మాత్రం దండం పెట్టాలి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. బస్తా 25 కిలోలు దాటితే పన్ను లేదు. ఇంకేం, మార్కెట్లోకి 26 కిలోల బస్తాలు దిగాయి. ఢిల్లీ వేసిన ఎత్తును ఒక్క కిలో బియ్యంతో చిత్తు చేశారు మనవాళ్లు! బాగానే ఉంది గానీ, ఆ ఇరవయ్యారో కిలోని భుజానేసుకునేది ఎవరు? గోడ మీద "ఫ్రీ హోమ్ డెలివరీ" అని నిలువెత్తు అక్షరాలు. అడిగితే "బాయ్ లంచ్‌కి పోయిండు" అంటారు. సాయంత్రం ఆరు గంటలకు లంచ్.

చిల్లర బదులు చాక్లెట్ చేతిలో పెట్టే ఆచారం యూపీఐ దెబ్బకు చాలావరకు పోయింది. పది రూపాయల నాణెం మీద అంటు మాత్రం పోలేదు. మొత్తం 14 రకాల నమూనాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలోనే చెప్పినా, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది నడవదు" అని వెనక్కి తోసే అధికారం నారపల్లి కౌంటర్‌కే ఉంది. సంచి గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. ముందుగా చెప్పకుండా డబ్బు కట్టే సమయంలో సంచికి వసూలు చేయడం తప్పని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబర్‌లో తేల్చింది. మేం ఇప్పటికీ కొట్టు పేరు అచ్చేసిన సంచిని డబ్బిచ్చి కొని, హైవే పొడుగునా ఊపుకుంటూ వెళ్తున్నాం. ఇది ప్రచార విభాగంలో మా అదనపు బాధ్యత.

పాత కిరాణా సేటు పుణ్యాత్ముడేమీ కాదు. తరాజు దగ్గర ఆయన వేలికి ఆయన లెక్క ఉండేది. అయితే ఉద్దెర రాసుకునేటప్పుడు మనల్ని నమ్మేవాడు. ఇక్కడ మొత్తం డబ్బు కట్టేశాక కూడా అనుమానమే. కౌంటర్ దాటి నాలుగడుగులు వేస్తే గుమ్మం దగ్గర రెండో తనిఖీ. సంచిలో చెయ్యిపెట్టి, సబ్బులు లెక్కపెట్టి, బిల్లుకు రంధ్రం పొడిచి గానీ వదలరు. దొంగతనం చేసేవాడు బిల్లు చేత్తో పట్టుకుని ఆ గుమ్మంలోంచే ఎందుకొస్తాడో ఏ యాజమాన్యమూ ఆలోచించినట్టు లేదు.

ఆ గుమ్మం దగ్గరి పెద్దాయన మీద గానీ, కౌంటర్ అమ్మాయి మీద గానీ నాకు కోపం లేదు. పొద్దస్తమానం నిలబడే ఉంటారు, కూర్చోవడానికి స్టూలు కూడా ఉండదు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కుర్చీ వేయాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలే మార్చాయి. ఇక్కడ ఏసీ గాలి పచ్చళ్ల సీసాలకు, నిలబాటు మనుషులకు. నా తగాదా పై అంతస్తులో కెమెరాలు చూస్తూ కూర్చునేవాళ్లతో.

అయ్యా యాజమాన్యం వారూ, గుమాస్తా పని, హమాలీ పని, ప్రచారం పని, ముద్దాయి పని కూడా మాతోనే చేయించుకుంటున్నారు. వెతికినందుకు, మోసినందుకు, నిలబడినందుకు మా జీతం బకాయి పడింది. లైన్లో గడిపిన గంటలకు ఓవర్‌టైమ్ కలపండి. పీఎఫ్ కూడా కట్టండి. ఖాతాలో వేశాక ఒక మెసేజ్ పెట్టండి, నంబర్ మీ సిస్టమ్‌లోనే ఉంది.