ఫోను లేని బడి: హెడ్మాస్టర్లకు కొన్ని ఆచరణీయ సూచనలు

ముందు సర్క్యులర్ తయారు చేసుకోండి. పిల్లలు బడికి సెల్‌ఫోన్లు తేరాదని అసెంబ్లీలో నోటితో చెబితే చాలదా అనిపించవచ్చు. చాలదు. నోటిమాటకు నంబరుండదు, తేదీ ఉండదు, రేపు ఎంఈవో గారు వచ్చి అడిగితే చూపించడానికి కాగితం ఉండదు. లెటర్‌హెడ్ మీద రాయించి, సంతకం చేసి, స్టాంపు కొట్టి, ఫొటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టండి. రాత్రి తొమ్మిదిన్నరకు పెడితే శ్రేష్ఠం. ఆ వేళకు అమ్మ ఫోను పిల్లవాడి చేతిలోనే ఉంటుంది కాబట్టి విషయం చేరవలసినవాడికి నేరుగా చేరుతుంది. వాడే ‘ఓకే సార్’ అని జవాబిచ్చి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెడతాడు. తల్లిదండ్రుల సమ్మతి అందినట్టు రిజిస్టరులో రాసుకోండి.

సర్క్యులర్‌లో కారణం రాయాలి. అయితే మన బడి కారణం వద్దు. తొమ్మిదో తరగతి వెనక బెంచీలో నలుగురు ఫ్రీ ఫైర్ ఆడుతున్నారని రాస్తే, లెక్కల పీరియడ్‌లో అంత తీరిక ఎలా దొరికిందని ఎవరో ఒకరు అడుగుతారు. కారణం విదేశాల నుంచి తెప్పించుకోండి. ఫ్రాన్స్ 2018లో ఏకంగా చట్టమే చేసింది. నెదర్లాండ్స్‌లో 2024 జనవరి నుంచి తరగతి గదుల్లో ఫోన్లు లేవు. 2025లో బ్రెజిల్ కూడా చట్టం తెచ్చింది. నెదర్లాండ్స్‌లో ప్రతి బడీ ఉపాధ్యాయులతో, తల్లిదండ్రులతో, పిల్లలతో మాట్లాడి తన నియమాలు తానే రాసుకుందన్న సంగతి మాత్రం పైకి రానివ్వకండి. పిల్లలతో మాట్లాడటం ఒకసారి మొదలైతే అది ఫోన్ల దగ్గర ఆగుతుందన్న నమ్మకం లేదు. మరుగుదొడ్డిలో నీళ్ల దాకా వెళుతుంది.

యునెస్కో పేరు తప్పక వాడండి. ప్రపంచంలో ప్రతి నాలుగు దేశాల్లో దాదాపు ఒకటి బడిలో స్మార్ట్‌ఫోన్లను నిషేధించిందని 2023 జులైలో వాళ్ల నివేదిక చెప్పింది. ఆ వాక్యం చాలు, మిగతా పేజీలు తిప్పకండి. సాంకేతికత ఎవరి షరతుల మీద బడిలోకి వస్తోందన్న ప్రశ్న ఆ నివేదిక పేరులోనే ఉంది. పేరులోనే ప్రశ్న ఉన్న పుస్తకాన్ని స్టాఫ్ రూములో ఉంచడం క్షేమం కాదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నివేదికను చూసి నెల తిరక్కుండానే, 2023 ఆగస్టులో, బడుల్లో ఫోన్ల మీద ఆంక్షలు పెట్టింది. అంతకు ఎనిమిది నెలల ముందు, 2022 డిసెంబరు 21న, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షల పైచిలుకు ట్యాబులు, వాటిలో బైజూస్ పాఠాలు పెట్టి పంచింది కూడా ఆ ప్రభుత్వమే. ఆంక్షల తర్వాత నాలుగు నెలలకు, అదే డిసెంబరు 21న, మరో విడత పంచింది. ఇందులో వైరుధ్యం ఉందని ఎవరైనా అంటే వాళ్లకు జ్యామితి రాదని తెలుసుకోండి. ఫోను సన్నగా పొడవుగా ఉంటుంది, ట్యాబు కాస్త వెడల్పుగా ఉంటుంది. వెడల్పు పెరిగేకొద్దీ తెర మీద కనిపించేది జ్ఞానంగా మారుతుంది. ఎన్ని అంగుళాల దగ్గర మారుతుందో మీ సైన్సు మాస్టారిని అడిగి సర్క్యులర్‌లో చేర్చుకోండి.

పాతవి తవ్వేవాళ్లు కొందరుంటారు. 2020లో బడులు మూతపడినప్పుడు ఫోను లేకపోతే చదువు లేదన్నది మీరే కదా, గేదెను అమ్మి కొన్నాం కదా అంటారు. వాళ్లకు మంచినీళ్లిచ్చి పంపేయండి. టీవీలో, దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో కూడా పాఠాలు వచ్చాయి కదా అని అనవచ్చుగానీ, ఆ నెలల్లో మీ గ్రూపులో మీరు పెట్టిన మెసేజ్‌లు వాళ్ల ఫోన్లలో ఇంకా ఉండి ఉంటాయి. జాగ్రత్త.

ఇక ఉపాధ్యాయుల ఫోన్లు. దీని మీద కొంచెం శ్రద్ధ పెట్టాలి. 2023 నాటి ఆదేశాల సారం, ఉపాధ్యాయులు తరగతి గదిలో ఫోను వాడకూడదని. మంచిదే. పొద్దున గేటు దగ్గరే ఫోన్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టేయండి. అయితే అంతకంటే ముందు హాజరు పడాలి. 2022 ఆగస్టు నుంచి ఆంధ్రాలో టీచరు హాజరు ముఖం చూపించి వేయాలి, సొంత ఫోనులో, సొంత డేటాతో. 2025 నుంచి తెలంగాణ టీచర్లకూ ముఖమే సంతకం. కాబట్టి ముందు ముఖాలు, తర్వాత బీరువా. సిగ్నల్ లేని ఊరైతే అందరూ మేడ మీదకెక్కి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, ఫోన్లు ఆకాశానికి చూపుతూ ముఖాలు అర్పిస్తారు. పిల్లలు కింద ప్రార్థన చేసుకుంటూ చూస్తారు. చూడనివ్వండి, విద్యలో భాగమే.

పదకొండింటికి బీరువా తెరవాలి. మధ్యాహ్న భోజనం ఎంతమంది తింటున్నారో యాప్‌లో ఎక్కించాలి. పన్నెండున్నరకు మళ్లీ తెరవాలి, అన్నం, పప్పు, కోడిగుడ్డు ఫొటో కావాలి. గుడ్డు సైజు తెలిసేలా తీయడం ఒక కళ. దాని మీద విడిగా రాస్తాను. కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోలు కూడా తీయవలసి వచ్చేది. బీఎడ్ చేసి, డీఎస్సీ రాసి, ర్యాంకు తెచ్చుకుని వచ్చిన మనిషి యూరినల్స్ ముందు వంగి వెలుతురు సరిపోతోందా లేదా అని చూసుకునేవాడు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పని తీసేశారు. ఉన్న రోజుల్లో మాత్రం ఫోను లేని బడికి అంతకంటే గొప్ప దృశ్యం ఇంకొకటి లేదు. ఏ పిల్లవాడైనా ‘మీరు మాత్రం చూస్తున్నారుగా సార్’ అంటే, ‘ఇది ప్రభుత్వ పని’ అని గట్టిగా చెప్పండి. వారం తిరిగేసరికి వాడు అమ్మతో ‘ఇది స్కూలు పని’ అని అంతే గట్టిగా చెబుతాడు. ఉచ్చారణతో సహా నేర్చుకుంటాడు.

గేటు తనిఖీకి పీఈటీ మాస్టారిని పెట్టండి. ఎలాగూ ఆటల పీరియడ్ లెక్కలకు ఇచ్చేశాం కాబట్టి ఆయన ఖాళీ. సంచులు వెతికితే సరిపోతుంది. సాక్సులు, అన్నం క్యారియరు అడుగు గిన్నె, సైకిలు సీటు కింద రబ్బరు బ్యాండు వేసి కట్టిన చోటు వెతకనక్కర్లేదు. మర్యాద కాదు. పది రోజుల్లో గేటు ఎదురుగా జిరాక్స్ షాపులో కొత్త వ్యాపారం మొదలవుతుంది: ఫోను ఒక్కింటికి రోజుకు అయిదు రూపాయలు, చార్జింగు పెడితే పది. దీన్ని అడ్డుకోవద్దు. బడి వల్ల ఊళ్లో ఒకరికి స్వయం ఉపాధి దొరికింది. పిల్లలు నిజంగా ఫోను లేకుండా ఉండగలిగేది వాడి షాపు అరలో ఫోను ఉన్నంతసేపే కాబట్టి, ఒక రకంగా ఈ ఏర్పాటు మొత్తంలో సక్రమంగా నడిచే విభాగం అదొక్కటే.

దొరికిన ఫోన్లను ఏం చేయాలన్నది తర్వాతి మాట. 2025లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో కొన్ని మార్గదర్శకాలిచ్చింది. పూర్తి నిషేధం మంచిదీ కాదు, నడిచేదీ కాదు, వీలున్న చోట పిల్లలు పొద్దున ఫోను అప్పజెప్పి సాయంత్రం తీసుకునే ఏర్పాటు ఉండాలి, తరగతిలో వాడకూడదు, దాన్ని ఎలా వాడాలో కూడా నేర్పాలి, నియమాలు తల్లిదండ్రులతో, టీచర్లతో, నిపుణులతో మాట్లాడి పెట్టాలి. ఈ తీర్పును మీరు చదవకపోవడం మంచిది. చదివితే తాళమున్న అర ఒకటి కొనాలి, టోకెన్లు కొట్టించాలి, ఒక మనిషిని కూర్చోబెట్టాలి. దానికి స్కూలు గ్రాంటు నుంచి డబ్బు తీయాలి.

దీనికంటే సులువైనది జరిమానా. ఇంకా సులువైనది, ‘మీ నాన్న వస్తేనే ఇస్తాను’ అనడం. ఆ నాన్న మిరపకోతకు పోయే మనిషైతే ఆ పూట కూలి పోతుంది. వచ్చి మీ గది బయట చెప్పులు విప్పి నిలబడతాడు. మీరు ఓ గంట మీటింగులో ఉండండి. ఆ గంటలో పిల్లవాడికి ఫోను మీద కోపం వస్తుందని మన అంచనా. మీ మీద రాదని కూడా మన అంచనా. మరీ కఠినంగా ఉండాలంటే అందరి ముందూ సుత్తితో పగలగొట్టి, వీడియో తీయించి, గ్రూపులో పెట్టండి. వీడియో బాగా తిరుగుతుంది. మీ బడి పిల్లలందరూ చూస్తారు, దేనిలో చూస్తారని నన్నడగకండి.

ఆడపిల్ల దగ్గర దొరికితే మాత్రం తెరిచి మెసేజ్‌లు చదవాలని ఒక సంప్రదాయం ఉంది. స్టాఫ్ రూములో అందరూ కలిసి చదవాలి. అబ్బాయి ఫోను తీసుకుంటే క్రమశిక్షణ, అమ్మాయి ఫోను తీసుకుంటే చరిత్ర పరిశోధన. ఆ సాయంత్రం ఇంట్లో ఆ పిల్లకు ఏమవుతుందో, వచ్చే ఏడు టెన్త్‌లో పేరుంటుందో ఉండదో మన పరిధి కాదు. కేరళలో ఒక కాలేజీ హాస్టలు అమ్మాయిలకు సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోను ఉండరాదంటే, ఒప్పుకోనని ఒకమ్మాయి కోర్టుకెళ్లింది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమని 2019లో హైకోర్టు తేల్చి, ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఈ కబురు మీ అమ్మాయిలకు తెలియకుండా చూసుకోండి. తెలిసే దారి ఎలాగూ ఫోనే.

హోంవర్కు ఎప్పటిలాగే వాట్సాప్‌లో ఇవ్వండి. డైరీ పుస్తకం ఎత్తేయండి, పిల్లలు పోగొడతారు. సాయంత్రం ఆరింటికి లెక్కలు, ఆరున్నరకు ఇంగ్లిషు, ఎనిమిదికి ‘రేపు థర్మాకోల్ తేవలెను’. ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఒక ఫోను అయితే, బడిలో దొరకని పోటీతత్వం ఇంట్లో అలవడుతుంది. బడి ఉన్న ఏడు గంటలూ ఫోను విషం, బడి వదిలాక ఫోను పాఠ్యపుస్తకం. సంధి వేళ ఏదో పిల్లలే నిర్ణయించుకుంటారు.

వాళ్లకు ఫోను వాడటం రాదని అనుకోవడం ఈ పథకానికి ప్రాణం. ఏటా చదువుల మీద సర్వే చేసే అసర్ వాళ్లు 2024లో గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని అడిగితే, వందకు 82 మంది వాడటం వచ్చన్నారు. ముందటి వారంలో చదువు కోసం వాడింది 57 మంది, సోషల్ మీడియాకు 76 మంది. ఈ అంకెలు పట్టుకుని నిషేధం ఎంత అవసరమో ఉపన్యాసం ఇవ్వవచ్చు. అదే సర్వేలో ఇంకో సంగతి ఉంది, దాన్ని దాటేయండి: సోషల్ మీడియా వాడే ఆ పిల్లల్లో, వేధించే ఖాతాను బ్లాకు చేయడమో ఫిర్యాదు చేయడమో తెలిసినవాళ్లు వందకు 62 మంది. తమ ప్రొఫైల్‌ను ప్రైవేటుగా పెట్టుకోవడం తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. మిగిలినవాళ్లకు ఒక పీరియడ్ కేటాయించి నేర్పవచ్చుగానీ, నేర్పాలంటే బడిలోకి ఒక ఫోను తేవాలి. నిషేధం ఉంది కదా.

కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీలను చూసి నేర్చుకోమని కొందరంటారు. అక్కడ పిల్లవాడికి ఫోనుండదు, వాడి వారాంతపు మార్కులు మాత్రం నాన్న ఫోనుకు టింగున వస్తాయి. మంచి పద్ధతే. పెట్టుబడి ఎక్కువ.

ఫలితం వస్తుందా అని పేరెంట్స్ మీటింగులో ఎవరో అడుగుతారు. రెండు జేబుల్లో రెండు అధ్యయనాలు పెట్టుకోండి. కుడి జేబులో 2015 నాటిది: ఇంగ్లండులో నాలుగు నగరాల్లో 91 బడులు చూసి, ఫోన్లు ఆపేశాక మార్కులు కొంత పెరిగాయని, వెనకబడిన పిల్లలకే ఎక్కువ లాభమని, బాగా చదివేవాళ్లకు తేడా లేదని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వాళ్లు తేల్చారు. ఎడమ జేబులో 2025 నాటిది: బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం 30 బడులు చూసి, ఫోను కట్టడి చేసిన బడి పిల్లల మనసుకూ చేయని బడి పిల్లల మనసుకూ తేడా కనపడలేదని, రోజంతటి ఫోను కాలమూ అక్కడ తగ్గలేదని చెప్పింది. పొగిడేవాళ్లకు కుడి జేబు, తిట్టేవాళ్లకు ఎడమ జేబు. రెండూ ఒకేసారి బల్ల మీద పెట్టకండి. పెడితే, బడిలో ఫోను ఆపడం వెనక బెంచీకి పనికొస్తుందేమోగానీ సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా ఇంట్లో ఏం జరుగుతోందన్న ప్రశ్న లేస్తుంది. ముందు వరసలో కూర్చున్న నాన్నలందరూ అప్పుడు తమ ఒడిలోని ఫోన్ల వంక చూసుకోవలసి వస్తుంది. అతిథుల్ని ఇబ్బంది పెట్టకూడదు.

చివరిగా నెలాఖరు నివేదిక. తరగతి వారీగా పిల్లలందరినీ నిలబెట్టి, ఖాళీ చేతులు పైకెత్తించి ఫొటో తీయాలి. లొకేషన్, తేదీ ఫొటో మీద కనపడాలి. సాయంత్రం నాలుగింటి లోపల అప్‌లోడ్ కావాలి, లేకపోతే మెమో వస్తుంది. యాప్ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతే కంగారుపడకండి. టెన్త్ బి సెక్షన్‌లో మూడో వరస కుర్రాణ్ణి పిలవండి. ముందు క్యాష్ తీసేస్తాడు, అప్పటికీ కదలకపోతే పరుగున జిరాక్స్ షాపుకెళ్లి తన ఫోను తెచ్చి, మీకు హాట్‌స్పాట్ ఇస్తాడు.