బెల్టు గీసిన గ్రాఫు

తగ్గడం, మళ్ళీ పెరగడం, మళ్ళీ తగ్గడం: దీన్ని మా చుట్టాలు నిలకడ లేకపోవడం అంటారు. గణితంలో దీనికి ఇంతకంటే మర్యాదైన పేరుంది, 'స్వయంపోషిత డోలనం'. బ్రస్సెల్స్‌లో పనిచేసిన ఆల్బర్ట్ గోల్డ్‌బెటర్ అనే శాస్త్రవేత్త, పండ్ల ఈగ ఒంట్లో రాత్రీపగలూ నడిచే గడియారానికి సమీకరణాలు రాసిన మనిషి, 2006లో డైటింగ్ చేసేవాళ్ళకీ ఓ గణిత నమూనా కట్టారు. అది అచ్చయింది మన బెంగళూరు నుంచి వచ్చే పత్రికలోనే. ఈగ తర్వాత నా వంతు వచ్చిందన్నమాట.

ఆ నమూనాలో పాత్రలు మూడే: బరువు, తిండి, పట్టుదల. బరువు ఓ హద్దు దాటగానే పట్టుదల ఉలిక్కిపడి లేస్తుంది. కొర్రలు, అరికెలు ఇంట్లోకొస్తాయి, తిండి తగ్గుతుంది, బరువూ దిగుతుంది. ఇక తనకి పనేముందని పట్టుదల మళ్ళీ ముసుగు తన్నేస్తుంది. కంప్యూటర్లో వేసి చూస్తే గీత ఎత్తూ పల్లంగా అలా సాగుతూనే ఉంటుందట, బయటి నుంచి ఎవరూ తొయ్యక్కర్లేదు. ఇన్నేళ్ళూ నేను నేరం మోపుతూ వచ్చిన సంక్రాంతి అరిసెలకీ, అత్తగారి బొబ్బట్లకీ ఆ లెక్కలో చోటే లేదు. వాటికి నా క్షమాపణలు. అలాగని వాటిని మానేస్తానని కాదు.

ఆ గీత చూడాలంటే కంప్యూటరెందుకు, నా బెల్టుంది. మూడో కన్నం దగ్గర తోలు ముడతపడి నల్లబడింది. ఐదో కన్నం సాగి కోడిగుడ్డు ఆకారానికొచ్చింది. మధ్యలో నాలుగోది మాత్రం కొన్ననాడు ఎలా ఉందో అలాగే, గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంది. దాని మీదుగా నేను రాకపోకలు సాగించానే తప్ప ఎన్నడూ బస చెయ్యలేదు. గోల్డ్‌బెటర్ గారి లెక్కలో దాన్ని అస్థిర సమతాస్థితి అంటారు. బరువు దాని చుట్టూ తిరుగుతుంది, దాని మీద నిలవదు.

పట్టుదలకి అంత త్వరగా కునుకెందుకు పడుతుందో అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2016లో లెక్కగట్టింది. మధుమేహానికి ఓ మందుంది, అది ఒంట్లో చక్కెరను కొంత మూత్రంలో పంపించేస్తుంది. రోజూ కొన్ని కేలరీలు అలా జారిపోతున్నా మనిషికి తెలియదు. ఆ మందు వాడినవాళ్ళ బరువు ఏడాది పాటు ఎలా మారిందో గణిత నమూనాలో పెట్టి, వాళ్ళెంత తిని ఉంటారో వెనక్కి లెక్కేశారు. తగ్గిన ప్రతి కేజీకీ ఆకలి రోజుకి సుమారు 100 కేలరీల చొప్పున పెరుగుతోందట. పైగా ఒళ్ళు ఖర్చు పెట్టేది కేజీకి ఓ 20, 30 కేలరీలు తగ్గుతుంది. అంటే నేను ఐదు కేజీలు తగ్గి షోగ్గా ఫొటో దిగే రోజుకి నా కడుపు 500 కేలరీల బాకీ పత్రం పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంటుంది. రోజూ వచ్చే అప్పులవాడు, ఆదివారం సెలవు కూడా లేదు.

ఇదంతా పొద్దున టిఫిను దగ్గర మా ఆవిడకి వివరించాను, నా తప్పేమీ లేదని సైన్సే చెబుతోందన్న ధీమాతో.

"పట్టుదల ఎప్పుడు లేస్తుందన్నారు?"

"బరువు హద్దు దాటాక."

"ఆ హద్దు పెట్టేదెవరండీ?"

సమీకరణంలో నాకు నచ్చని చోటు అదే. హద్దు పెట్టుకునేది డైటింగ్ చేసే మనిషే. ఊగడం ఆగాలంటే పారామీటర్లు మారాలనీ, బరువు ఓ కీలకమైన గీత కిందే ఉంచుకుంటే అక్కడ నిలిచిపోతుందనీ కూడా గోల్డ్‌బెటర్ గారు రాశారు. ఆ భాగం నేను గబగబా చదివేసి పేజీ తిప్పాను. మా ఆవిడ అక్కడే ఆగింది.

"అయితే ఆ పారామీటరేదో నేను మారుస్తాను," అని నా పెసరట్టు మడత విప్పి, లోపలి ఉప్మా అంతా గరిటెతో తీసి తన పళ్ళెంలో వేసుకుంది.