అక్షరం లేని పుస్తకం ఆత్మకథ

అక్షరాలు లేని బొమ్మల పుస్తకమంటే మాటలు తీసేసిన కథల పుస్తకం కాదు. కథంతా బొమ్మల వరసలోనే నడుస్తుంది. ఒక పేజీకీ తర్వాతి పేజీకీ మధ్య ఏం జరిగిందో చూసేవాళ్లే కట్టుకోవాలి. ఇక్కడ తన బతుకు చెప్పుకుంటున్న పుస్తకం పల్నాడు జిల్లా వినుకొండ దగ్గర ఒక బడిలో ఉంది. పదహారు పేజీలు, రెండు పిన్నులు, అట్ట మీద ఒక మేక. కథ చెప్పే గొంతు ఎప్పుడూ పిల్లలదే కాబట్టి దీనికి ‘నేను’ అనే అలవాటు లేదు. ‘ఈ పుస్తకం’ అనే చెప్పుకుంటుంది.

దీని వంశం చిన్నదేమీ కాదు. బొమ్మలతో పాఠం చెప్పడానికి కొమీనియస్ 1658లోనే పుస్తకం వేశాడు, కానీ అందులో బొమ్మల పక్కన మాటలున్నాయి. మాటలు మానేసిన పుస్తకాలు ఇరవయ్యో శతాబ్దంలో పెరిగాయి. జపాన్‌ చిత్రకారుడు మిత్సుమాసా అన్నో ప్రయాణం బొమ్మల పుస్తకం 1977లో, రేమండ్ బ్రిగ్స్ ‘ది స్నోమ్యాన్’ 1978లో వచ్చాయి. జంతువుల అరుపులు తప్ప మాట లేకుండా సింహం–ఎలుక కథ గీసిన జెర్రీ పింక్నీకి 2010లో కాల్డెకాట్ పతకం దక్కింది. మన దేశంలో నేషనల్ బుక్ ట్రస్ట్‌కు మంజులా పద్మనాభన్ బజారు బొమ్మలతో ఇలాంటి పుస్తకం చేశారు. అనువాదం అక్కర్లేదు, ఒకే అచ్చు అన్ని భాషల బడులకూ సరిపోతుంది. ఇన్ని భాషలున్న దేశంలో ఇలాంటివి ఇంత తక్కువగా రావడం వింతే.

బడికొచ్చిన కొత్తలో ఈ పుస్తకం చాలాకాలం బీరువాలోనే ఉంది. చదవడానికేమీ లేనిదాంతో ఏం చెప్పాలని పెద్దల సందేహం. తర్వాత బయటికి తీశారు గానీ, ‘ఇదేంటి? అదేంటి?’ అని వేలుపెట్టి అడిగే పేర్ల పరీక్షగా మార్చారు. మేక, బుట్ట, చెట్టు అనగానే పాఠం అయిపోయేది. ఈ పుస్తకాన్ని వాడటంలో అంతకంటే నష్టం మరొకటి లేదు.

సరైన పద్ధతి తేలికే. నలుగురైదుగురు పిల్లలు చుట్టూ కూర్చోవాలి. నలభై మందికి ఎత్తి చూపిస్తే వెనక వరసకు రంగులు తప్ప ఏమీ కనపడవు. మొదటిసారి మాట్లాడకుండా చివరిదాకా తిప్పాలి. రెండోసారి ‘ఏం జరుగుతోంది? నీకెట్లా తెలిసింది?’ అని అడగాలి. ఆరో పేజీలో కూరగాయలమ్మ బుట్ట బోర్లాపడి ఉంటుంది. ఎందుకు పడిందని అడిగితే పిల్లలు చటుక్కున నాలుగో పేజీకి వెళ్లి, బుట్ట కిందుగా పోయిన మేక తాడు చూపిస్తారు. పెద్దవాళ్లలో ఆ తాడు చూసినవాళ్లు తక్కువ. కారణం వెతకడం, ముందూ వెనకా పోల్చుకోవడం, ‘అందుకని’, ‘అప్పుడు’ అంటూ వాక్యం పొడిగించడం అక్కడే అలవడతాయి.

మిరప కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కూలీల కుటుంబాలు దిగుతాయి. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడే పిల్లలు, తండాల నుంచి వచ్చే లంబాడీ పిల్లలు వాచకం ముందు నోరు విప్పరు. ఈ పుస్తకం ముందు ఎవరి మాటలో వాళ్లు చెబుతారు. చిత్రకారుడు టొమాటోలుగా గీసిన ఎర్రటి కుప్పను కోతలవాళ్ల పిల్లవాడు కల్లంలో ఆరబోసిన మిరపకాయలన్నాడు. టీచరమ్మ దిద్దలేదు, కథ ఆ పూట కల్లంలోనే నడిచింది. ఇటలీలోని లాంపెడూసా దీవిలో స్థానికుల పిల్లలకూ వలస వచ్చిన పిల్లలకూ కలిపి గ్రంథాలయం పెట్టాలని, బాలసాహిత్య అంతర్జాతీయ సంస్థ ఐబీబీవై 2012లో ఇలాంటి పుస్తకాలనే సేకరించడం మొదలుపెట్టింది.

చెప్పిన కథను టీచరు పిల్లల మాటల్లోనే బోర్డు మీద రాస్తే, తమ మాట అక్షరమవడం వాళ్లు కళ్లారా చూస్తారు. 2022 నాటి జాతీయ పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చదవడం, రాయడంతో పాటు నోటిమాటకు విడిగా చోటిచ్చింది.

ఈ పుస్తకానికి ఇప్పుడు ఒక పిన్ను ఊడింది, నడిమి పేజీలకు టేపు వేశారు. అయినా శనివారం ఎవరో ఒకరి సంచిలో ఇంటికి పోతుంది. అక్కడ చదువురాని నాయనమ్మ పేజీ తిప్పుతూ, మేకను తిడుతూ, మనవరాలి కథలో తప్పులు పడుతుంది.