ముక్కుపొడి మాష్టారి నామమీమాంస

మూలము: "ఒరే, మనకు లెక్కలు చెప్పిన ఆయన... అదేరా, ముక్కుపొడి మాష్టారు... పేరు నోట్లోనే ఉంది!"

అవతారిక: పెండ్లివారింట రెండవ బంతికి పిలుపు రాకమునుపు, చాలయేండ్లకు కలిసికొనిన సహాధ్యాయు లిరువురలో నొకడు రెండవవానితో ననుచున్నాడు.

టీక: ఒరే = ఓ మిత్రమా (మనుమలెత్తినవాని నిట్లు పిలుచు నధికారము బాల్యసఖునకు దక్క నన్యులకు లేదు); మనకు = నీకును నాకును (మరపు తనకొక్కనికే కాదని ధ్వని); అదేరా = ఏమియు చెప్పకయే చెప్పినట్లు తోపించు నూతపదము; ముక్కుపొడి = నస్యము; పేరు = నామధేయము; నోట్లోనే = జిహ్వాగ్రమందే; ఉంది = లేదు.

తాత్పర్యము: ఒక కుళాయి నింపుచుండగా వేరొకటి ఖాళీచేయు తొట్టి యెన్ని గంటలకు నిండునో మనచే చెప్పింపబూని, చెప్పలేనివారిచే గోడకుర్చీ వేయించి, నడుమ నడుమ నొక పట్టు నస్యము పీల్చుచుండిన యా మహనీయుని కంఠధ్వనియు, పంచెకట్టును, కోటు మోచేతి చిరుగును సైతము కన్నులయెదుట నిలిచియుండగా, పేరొక్కటి మాత్రము రాకున్నది; నీవైనను చెప్పుమని భావము.

విశేషములు: ఇచ్చట వక్త మరచెనని కొందరందురు. అది యుక్తము కాదు. మరచుటకు మున్ను తెలిసియుండవలెను గదా! బడిలో నాయన లెక్కల మాష్టారు. తక్కినవారు తెలుగు మాష్టారు, డ్రిల్లు మాష్టారు. గురువు పేరును పరోక్షమందైనను ఉత్తగా నుచ్చరింపరాదని మనుస్మృతి విధించినది. ఆ గ్రంథమును కంట జూడని మన బడిపిల్లలు దాని శాసనములలో నీ యొక్కదానిని తు.చ. తప్పక పాటించి, ముక్కుపొడి యని తామే నామకరణము చేసిరి. లిఖితప్రమాణము వెదకుదమన్నను ప్రోగ్రెస్ కార్డుపై నున్నవి పొడి యక్షరములు. ఆఫీసుగది గోడపై రంగుతో వ్రాసిన పట్టికలో నున్నవారందరు హెడ్మాష్టర్లు.

అమెరికాలో హ్యారీ బాహ్రిక్ అను మనశ్శాస్త్రజ్ఞుడు సహచరులతో గూడి 392 మంది పూర్వవిద్యార్థులను పరీక్షించి, 35 ఏండ్ల పిమ్మట సైతము వారు తోటివారి ముఖములను నూటికి 90 వంతుల వరకు గుర్తింతురనియు, ఏ యాధారమును లేక పేర్లు చెప్పుమన్నచో తడబడుదురనియు 1975లో ప్రకటించెను. కావున మరచెననియే యనుకొన్నను, ముక్కుపొడి నిలిచి పేరు తొలగుట శాస్త్రసమ్మతమే.

మరి చిన్నయసూరి పేరెట్లు నిలిచినది? ఆయన రచించిన బాలవ్యాకరణము 1858లో వెలువడినది. సూరిగారిని కన్నవా డిప్పు డొక్కడును లేకున్నను, సంధిసూత్రములతోపాటు వారి నామమును మన నోట నున్నది; ఆ సూత్రములను చెవి మెలిపెట్టి మన నోట నిలిపినవారి నామము మాత్రము లేదు. ఈ వ్యవస్థ వ్యాఖ్యాతకు సమ్మతము కాదు.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో 'ముక్కుపొడి'కి మారుగా 'బట్టతల' యని కలదు. అది గ్రాహ్యము కాదు. బట్టతల సోషలు మాష్టారిది. ఆయన పేరును రెండవ మిత్రుని నోట్లోనే యున్నది.